ఎడమ చెయ్యి రాని అత్తమ్మకు కమోడ్‌లో జెట్ పెట్టించాలి, ఏది పెట్టించమంటారు?

లాయర్‌పేట కోడలు, ఒంగోలు:

అందరికీ నమస్కారం. అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంది. ఇంట్లో ఈ మాట ఎత్తితే మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా అత్తమ్మకు 78 ఏళ్ళు. కిందటి ఏడు అట్లతద్దికి ముందు రోజు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు చాలావరకు తిరిగొచ్చింది. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా తనే వెళ్తుంది, కమోడ్ మీద తనే కూర్చుంటుంది, తనే లేస్తుంది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు ముడుచుకుపోయి పిడికిలి పట్టినట్టు ఉండిపోయింది.

మనకు కడుక్కునే చెయ్యి అదే కదా. "కుడి చేత్తో కడుక్కో అత్తమ్మా, తర్వాత సబ్బుతో రెండుసార్లు రుద్దుకో" అన్నా వినదు. "అన్నం తినే చెయ్యి, దీపం వెలిగించే చెయ్యి, దాంతోనా?" అంటుంది. అందుకని ఐదు నెలల్నుంచీ నేనే కడుగుతున్నా. నాకు కష్టమనిపించలేదు, ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. కానీ నేను కడుగుతున్నంతసేపూ ఆమె గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. బయటికొచ్చాక గంటసేపు నాతో మాట్లాడదు. ముప్పై ఏళ్ళుగా నా మీద అరిచిన మనిషి ఇలా నోరు మూసుకుని కూర్చుంటే చూడలేకపోతున్నా.

పోయిన వారం ఇంకోటి గమనించాను. రాత్రి అన్నం ఎలాగూ మానేసింది. నేను ఇచ్చిన మజ్జిగ గ్లాసు కిటికీలోంచి కరివేపాకు మొక్కకు పోస్తోంది. తింటే వెళ్ళాలి, వెళ్తే నన్ను పిలవాలి. అదీ లెక్క.

మా బావగారి అబ్బాయి సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చాడు. "దీనికింత ఆలోచనెందుకు పిన్నీ" అని ఆన్‌లైన్‌లో టాయిలెట్ పేపర్ ఆరు రోల్స్ తెప్పించాడు. అత్తమ్మ ఒక రోల్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "కాగితం సరస్వతిరా. కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం" అని బల్ల మీద పెట్టేసింది. అంతే, ఆ సంగతి ముగిసింది. ఆ రోల్స్ ఇప్పుడు నాకు వడలు తీసినప్పుడు నూనె పీల్చడానికి పనికొస్తున్నాయి. వాడికి మాత్రం చెప్పకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. 1998లో కట్టింది, కింద ఒక్కటే అంతస్తు. డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. తాగడానికి, వంటకు మున్సిపాలిటీ వాళ్ళ సాగర్ నీళ్ళు. పై ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్ళు, ఉప్పు. స్టీలు చెంబు కడిగి ఆరబెడితే తెల్లటి చారలు పడతాయి. రెండేళ్ళ కిందట పాత ఇండియన్ దొడ్డి తీయించి కమోడ్ పెట్టించాం. కుడివైపు గోడకు చేత్తో నొక్కే హెల్త్ ఫాసెట్ ఉంది. కుడి చేత్తో దాన్ని వెనక్కి తిప్పి నొక్కాలంటే అత్తమ్మ పక్కకు వంగాలి, వంగితే ఒరిగిపోతుంది. ఒకసారి ప్రయత్నించింది. చీర, తలుపు, బయటున్న కాళ్ళ పట్టా అన్నీ తడిసినాయి. భయపడిపోయి మళ్ళీ ముట్టుకోలేదు.

నా సందేహాలు ఇవీ. కమోడ్ లోపలే బిగించి ఉండి, కుడి చేత్తో ఏదో ఒకటి తిప్పితే నీళ్ళు వచ్చేది ఉంటుందట కదా, అది పెట్టిస్తే చాలా? మా బావగారి అబ్బాయి మాత్రం కరెంటుతో పనిచేసే సీటు, వేడినీళ్ళు, వేడిగాలి అన్నీ వచ్చేది, అమెరికా నుంచి తెస్తానంటున్నాడు. మా ప్లంబరేమో ఏది కావాలన్నా కమోడ్ మార్చాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

---

దిబ్బల రోడ్డు:

ఇంత ఆలోచన ఎందుకండీ. ఒక ఆయాను పెట్టుకోండి, పొద్దున ఒక గంట వచ్చి అన్నీ చూసి వెళ్తుంది.

---

లాయర్‌పేట కోడలు:

ఆయా అయినా అది వేరేవాళ్ళ చెయ్యే కదండీ. నా చేతికే అంత సిగ్గుపడే మనిషి.

---

వేదాయపాళెం బాబాయి, నెల్లూరు:

చెల్లెమ్మా, నువ్వు పట్టుకున్న దారి సరైనదే. నాకు 63. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా నాయన ఆఖరి నాలుగేళ్ళు నా దగ్గరే ఉన్నారు. పార్కిన్సన్స్, చేతులు వణుకు. ఈ జెట్ల వ్యవహారంలో మూడుసార్లు దెబ్బతిని నాలుగోసారి ఒడ్డున పడ్డాను. నా డబ్బులతో నువ్వు నేర్చుకో.

మొదటిది మీ గోడకున్నదే, హెల్త్ ఫాసెట్. చేతులు బాగున్నవాళ్ళకు దాన్ని మించింది లేదు, మా ఇంట్లో ఇప్పటికీ మిగతా అందరికీ అదే. కానీ వణికే చేతిలో అది పాము పడగలాగా ఆడేది. ఒకరోజు నీళ్ళు పైకి లేచి బల్బు హోల్డరులోకి కొట్టి ఫ్యూజు పోయింది. కరెంటోడి ఇంట్లో! దాని గురించి ఇంకో ముక్క, ఇది నీకూ పనికొస్తుంది. ఆ స్టీలు పైపు లోపల ఉండేది మెత్తటి గొట్టం, స్టీలు పైన తొడుగు మాత్రమే. వాడుకున్నాక కింద గోడకున్న చిన్న కుళాయి, అదే యాంగిల్ కాక్, కట్టకపోతే ఆ గొట్టం రాత్రింబవళ్ళు ప్రెషర్ మీదే ఉంటుంది. మేమంతా జొన్నవాడ అమ్మవారి దర్శనానికి పోయొచ్చేసరికి నట్టు దగ్గర పగిలి, పై ట్యాంకు ఖాళీ, వరండాలో చెప్పులు తేలుతున్నాయి. ఊరికి పోయేటప్పుడు గ్యాసు కట్టినట్టు దీన్నీ కట్టాలి.

రెండోది మీ అబ్బాయి చెప్పేదే. మా వాడూ అమెరికా నుంచే మోసుకొచ్చాడు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. నేను కరెంటోణ్ణి కదా, మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోదా అనుకున్నాను. సరిపోయింది కూడా, ఆరు నెలలు. నీళ్ళు కాచే హీటరు ఉంటుంది కాబట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ బియ్యం డబ్బా అంత. తడి తగలకూడదని బాత్రూమ్ బయట పెట్టి, వెంటిలేటరులోంచి వైరు లాగాను. చూసినవాళ్ళంతా లోపల వెల్డింగు చేస్తున్నారా అని అడిగేవాళ్ళు. నవంబరులో తుఫాను వచ్చి రెండ్రోజులు కరెంటు పోతే ఆ రెండ్రోజులూ అది ఉత్త కుర్చీ. తర్వాత ముందుకొచ్చి వెనక్కిపోయే ఆ సన్నటి గొట్టానికి ఉప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. ఇంక నావల్ల కాలేదు.

అట్లాంటి సీటే కావాలంటే ఇక్కడ దొరికే 230 వోల్టులది కొనండి. గట్టి ఎర్తింగు, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి) లేకుండా మాత్రం ఎవరు చెప్పినా బిగించనివ్వొద్దు. ఒళ్ళంతా తడిగా కూర్చునే చోటు అది. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి.

మూడోది ప్లాస్టిక్ పలక. సీటు కింద దూరుతుంది, పక్కన గుండ్రటి నాబ్ ఉంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంది, ఆన్‌లైన్‌లో తెప్పించి నేనే బిగించాను. తిప్పితే నీళ్ళు వచ్చాయి కానీ ముక్కు కారినట్టు వచ్చాయి. అప్పుడు బుద్ధి వచ్చి టేపు తీసి కొలిచాను. పై ట్యాంకు అడుగు నుంచి సీటు దాకా నిలువుగా ఎంత ఎత్తుందో అదే మన ప్రెషర్. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో. మాది 4 మీటర్లు, అంటే కిలోలో సగం కూడా లేదు. అందులోనూ పైపు ఎన్ని వంపులు తిరిగితే అంత తగ్గుతుంది. సూది బెజ్జాల్లాంటి నాజిళ్ళు దీనికి సరిపోవు. మీది కింద అంతస్తు ఒక్కటే అన్నావు కాబట్టి నీదీ ఇంచుమించు ఇదే లెక్క. ఏదైనా కొనేముందు కొలువు.

ఇక నాలుగోది. పాత హార్డ్‌వేర్ షాపులో అడిగితే "కమోడ్ జెట్" అని ఇస్తారు. పెన్ను లావు ఇత్తడి గొట్టం, పైన క్రోమ్ పూత, కొస కొంచెం వంగి ఉంటుంది. సీటు బిగించే బోల్టు ఉంది చూడు, దాని కిందే జెట్ పట్టీ దూరి బిగుసుకుంటుంది. గొట్టం కొస కమోడ్ లోపలికి, వెనకవైపు నుంచి ముందుకు చూస్తూ ఉంటుంది. రెండో కొస గోడ మీది కాక్‌కు. కమోడ్ పగలగొట్టేది లేదు, మార్చేది లేదు. నేను కొన్నప్పుడు నాలుగొందల చిల్లర. మీ ప్లంబరు కమోడ్ మార్చాలన్నాడు కదా, నువ్వు ప్లంబరును మార్చు.

అసలు కిటుకు కాక్‌లో ఉంది. మూడు చుట్లు తిప్పే గుండ్రటిది వద్దు, పెద్దవాళ్ళ వేళ్ళకు పట్టు చిక్కదు. పావు చుట్టుకే తెరుచుకునేది, పొడుగు లివరు ఉన్నది తీసుకో. కూర్చున్నాక అత్తమ్మ కుడి చెయ్యి ఊరికే తొడ మీద పెట్టుకుంటే మోచెయ్యి ఎక్కడికి వస్తుందో చూసి, అక్కడికి కాస్త ముందు బిగించమను. వెనక్కి తిరిగి వెతుక్కోవాల్సి వస్తే అంతా వృథా. లివరు ఒక్కసారిగా తెరిస్తే నీళ్ళు ఠపీమని కొడతాయి. దానికి ముందున్న యాంగిల్ కాక్‌ను సగమే తెరిచి వదిలెయ్. అప్పుడు ఆమె లివరు మొత్తం తిప్పినా నువ్వు అనుకున్నంతే వస్తుంది.

నీళ్ళు పై ట్యాంకు లైను నుంచే ఇవ్వాలి. పొరపాటున కూడా సాగర్ నీళ్ళ లైనుకు కలపనివ్వొద్దు. జెట్ కొస ఉండేది కమోడ్ లోపల. మున్సిపాలిటీ నీళ్ళు ఆగినప్పుడు ఆ పైపు వెనక్కి పీలుస్తుంది. తాగే నీళ్ళలోకి ఏది వస్తుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఉప్పు సంగతి: నెలకోసారి గోరువెచ్చని గ్లాసెడు నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ కవర్లో పోసి, జెట్ కొస అందులో మునిగేట్టు రబ్బరు బ్యాండుతో కట్టు. రాత్రి కట్టి పొద్దున తీస్తే తెల్లటి పెళ్ళలు రాలిపోతాయి. బాత్రూమ్ యాసిడ్ పోశావంటే క్రోమ్ కూడా లేచిపోతుంది.

ఇంకోటి మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎండలు ముదరలేదు కాబట్టి నీకు తట్టదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి డాబా మీది పైపులో నిలిచిన నీళ్ళు ఎట్టా ఉంటాయో తెలుసు కదా. మా నాయన ఒకసారి జెట్ తిప్పి పెట్టిన కేకకు పక్కింటాయన గోడ దూకి వచ్చాడు. ముప్పాతిక అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు పైన నీళ్ళు నిలుస్తాయి. మా డాబా మీద 12 మీటర్ల పైపు, అంటే మూడు లీటర్ల పైచిలుకు సలసలకాగే నీళ్ళు ముందు బయటికి రావాలి. నేను కనిపెట్టిన ఉపాయం: కూర్చోకముందు ఒకసారి ఫ్లష్ నొక్కి, ట్యాంకు నిండేదాకా ఆగడం. ఆ వేడి నీళ్ళన్నీ ఫ్లష్ ట్యాంకులోకి పోతాయి. డాబా మీది పైపుకు గోనెసంచి చుట్టి, నల్ల ట్యాంకు మీద సున్నం కొట్టించాక ఇంకాస్త నయం.

---

కావలి కుర్రోడు, న్యూజెర్సీ:

బాబాయ్ చెప్పిన ప్రెషర్ లెక్కకు ఇటువైపు సగం నేను చెప్తా. ఇక్కడ ప్రెషర్‌ను పీఎస్ఐలో కొలుస్తారు, బాబాయ్ చెప్పిన ఒక కిలో అంటే ఇంచుమించు 14 పీఎస్ఐ. ఇళ్ళలో కుళాయి ప్రెషర్ 50, 60 పీఎస్ఐ మామూలే. బాబాయ్ ఇంట్లో 4 మీటర్లంటే 6 పీఎస్ఐ కూడా రాదు. ఇక్కడ అమ్మే పలకలన్నీ ఇక్కడి ప్రెషర్‌కు చేసినవి. ముక్కు కారకుండా ఎట్టా ఉంటాయి. పైగా ఇక్కడ కమోడ్ ట్యాంకుకు నీళ్ళు వచ్చే దగ్గర పైపు మర (థ్రెడ్) కొలత వేరు. మన అర అంగుళం దానికి కూర్చోదు, అడాప్టర్ల కోసం తిరగాలి. కాబట్టి అక్కా, మీ అబ్బాయిని సూట్‌కేసులో ఇంకేదైనా తెమ్మనండి.

టాయిలెట్ పేపర్ గురించి కూడా ఒక మాట. నేను వచ్చిన కొత్తలో రూములో నలుగురం ఉండేవాళ్ళం, బాత్రూమ్‌లో ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు, ఎవరిది వాళ్ళదే, మూతల రంగును బట్టి గుర్తు. మా ఓనర్ ఒకరోజు చూసి, మొక్కలు పెంచుతున్నారా అని అడిగాడు. 2020 మార్చిలో కరోనా భయానికి జనం షాపుల్లో పేపర్ రోల్స్ అన్నీ ఊడ్చేశారు, అరలకు అరలు ఖాళీ. మా ఆఫీసులో పెద్ద పెద్ద ఇంజనీర్లు ఎక్కడ దొరుకుతున్నాయో మెసేజ్‌లు పెట్టుకుంటున్నారు. మా నలుగురికీ టెన్షన్ లేదు, సీసాలున్నాయి. ఆ నెలలోనే నాతో పనిచేసే తెల్లాయన ఒకడు మెల్లగా పక్కకు పిలిచి "మీవాళ్ళు నీళ్ళతో ఎలా చేస్తారు" అని అడిగాడు. సరస్వతి సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చి ఉంటే చెప్పేవాణ్ణి.

ఇట్లా కూర్చుని నీళ్ళతో కడుక్కునేవాటిని ఇక్కడ బిడే అంటారు. ఆ మాట ఫ్రెంచి వాళ్ళది, దాని అర్థం పొట్టి గుర్రమట. పాతకాలం వాటి మీద గుర్రమెక్కినట్టు కూర్చునేవాళ్ళు కాబట్టి. ఇటలీలో అయితే 1975 నుంచి ఇంటికొకటి ఉండి తీరాలని రూలే ఉంది. కరెంటు సీట్లకు పేరు తెచ్చింది జపాన్ వాళ్ళు, 1980లో. మన చెంబు వీటన్నిటికన్నా ముందుది, దానికి పేటెంటు లేదు అంతే.

తడి వైప్స్ మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోకండి. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా అవి పేపర్‌లాగా కరగవు, పీచుపీచుగా పైపులో చుట్టుకుంటాయి. ఇక్కడే డ్రైనేజీ వాళ్ళు మొత్తుకుంటుంటారు. మీది సెప్టిక్ ట్యాంకు అయితే చెప్పనే అక్కర్లేదు.

---

కందుకూరు సిస్టర్:

అక్కా, నేను నర్సుని. బాబాయి గారు పైపుల సంగతి చెప్పారు, నేను మనిషి సంగతి చెప్తాను.

పక్షవాతం వచ్చినవైపు కదలిక ఒక్కటే కాదు, స్పర్శ కూడా తగ్గి ఉండొచ్చు. వేడినీళ్ళు తగిలితే బాబాయి వాళ్ళ నాయన కేక పెట్టారు. మీ అత్తగారు ఎడమవైపు కాలినా కేక పెట్టకపోవచ్చు, తెలియకపోవచ్చు. కాబట్టి ఎండాకాలం ఆ ఫ్లష్ ఉపాయం తప్పనిసరి. కరెంటు సీటు ఎప్పుడైనా కొన్నా నీళ్ళ వేడి తక్కువలోనే పెట్టండి, సీటు వేడి చేసేది ఆపేయండి.

ధార మెత్తగా ఉండాలి. గట్టిగా కొడితేనే శుభ్రం అనుకుంటారు, అది తప్పు. ముసలివాళ్ళ చర్మం పల్చన, మొలలు ఉంటే రక్తం వస్తుంది. మెల్లగా, కాస్త ఎక్కువసేపు. లోపలికి కొట్టించుకోవడం అసలు వద్దు. ఆడవాళ్ళకు ఇంకో జాగ్రత్త: మురికి నీళ్ళు ముందువైపుకు రాకూడదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఈ జెట్ వెనక నుంచి కొడుతుంది కాబట్టి కొస మరీ ముందుకు చూడకుండా, సరిగ్గా కిందనుంచి పైకి వచ్చేట్టు వంచాలి. కడుక్కునేటప్పుడు ఆమె కొంచెం ముందుకు కూర్చుంటే చాలు.

తుడుచుకోవడం మరిచిపోకండి. తడి అలాగే ఉంటే ఒరుస్తుంది, పుండు పడుతుంది. పాత నూలు చీర చింపి జానెడు ముక్కలు చేసి కుడివైపు ఒక డబ్బాలో పెట్టండి. రుద్దకుండా అద్దుకోమనండి. వాడిన ముక్క వేయడానికి పక్కనే మూత ఉన్న బకెట్. నీళ్ళతో కడిగాక తడి అద్దుకోవడమే కాబట్టి కుడి చేత్తో ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.

అన్నిటికన్నా ముందు ఆ మజ్జిగ సంగతి. తిండీ నీళ్ళూ తగ్గిస్తే మలబద్ధకం, ముక్కడం. ఈ వయసులో ముక్కితే బీపీ పెరుగుతుంది, అసలే ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషి. జెట్ బిగించేలోపే డాక్టరుకు ఈ ముక్క చెప్పండి. కుడివైపు గోడకు పట్టుకునే కడ్డీ లేకపోతే ప్లంబరు వచ్చినప్పుడే అదీ వేయించేయండి. టవల్ రాడ్ కాదు, అది మనిషి బరువుకు ఊడి వస్తుంది.

---

లాయర్‌పేట కోడలు:

పదిహేను రోజులైంది, చెప్పడం ఆలస్యమైంది. అందరికీ థాంక్స్.

డాక్టరు గారికి మజ్జిగ సంగతి చెప్పాను. ఆయన ఏమీ కోప్పడలేదు. అత్తమ్మనే అడిగారు, రోజుకు ఎన్ని గ్లాసులమ్మా అని. ఆరు అని అబద్ధం చెప్పింది. బయటికొచ్చాక నావైపు చూసింది, నేనేం మాట్లాడలేదు.

ప్లంబరును మార్చాం. వేరే కుర్రాణ్ణి పిలిపించాను, పాతికేళ్ళు కూడా ఉండవు. టేపు పట్టుకుని డాబా ఎక్కి కొలిచి, "3.6 మీటర్లు ఉందాంటీ, ఇత్తడిదే మంచిది" అన్నాడు. బాబాయి గారూ, మీరే పంపారా అనిపించింది. జెట్, లివరు కాక్, కడ్డీ, కూలీతో కలిపి రెండువేల రెండొందలు అయింది. అందులో కడ్డీదే ఎక్కువ.

బిగించాక ఒక చిత్రం చేశాడు. ధార ఎక్కడ తగులుతుందో మనకు కనపడదు కదా. అత్తమ్మ కూర్చునే చోట, సీటు రంధ్రం మీద మా చెప్పుల డబ్బా అట్టముక్క పరిచి లివరు తిప్పాడు. అట్ట కిందివైపు తిప్పి చూస్తే తడి మచ్చ బాగా ముందుకు పడింది. కొస కొంచెం వంచి ఇంకో అట్ట. మళ్ళీ ఇంకోటి. నాలుగు అట్టలకు మచ్చ సరైన చోటికి వచ్చింది. అత్తమ్మ గుమ్మం దగ్గర వాకర్ పట్టుకుని నిలబడి అంతా చూసింది. "అట్ట మాత్రం కాగితం కాదా" అన్నాను నేను, ఊరికే. "అది చెప్పుల డబ్బాదిలే" అంది.

మర్నాడు పొద్దున నన్ను పిలవకుండా తనే వెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నట్టు నటించి తలుపు బయట నిలబడ్డాను. ముందు ఫ్లష్ చప్పుడు. ట్యాంకు నిండింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లివరు చప్పుడు, "అమ్మో" అని ఒక చిన్న అరుపు. నేను తలుపు మీద చెయ్యి వేశాను. "రావద్దు" అంది లోపలినుంచి. ఎలా కనిపెట్టిందో. మళ్ళీ లివరు చప్పుడు, ఈసారి ఎక్కువసేపు.

నూలు ముక్కల విషయం సిస్టర్ గారు చెప్పినట్టే అయింది. కుడి చేత్తోనే అద్దుకుంటోంది, తర్వాత ఆ చేతికి సబ్బు పెట్టి తోమడం మాత్రం చూడాలి, ఇత్తడి బిందె తోమినట్టు. బయటికొచ్చి దేవుడి గదిలోకి వెళ్ళబోయేముందు పసుపు నీళ్ళు కూడా. అది ఆమె ఇష్టం.

నాలుగో రోజు రాత్రి ఎనిమిదింటికి నేను అడక్కుండానే కంచం ముందు కూర్చుని, "చేపల పులుసు పెట్టడం మరిచిపోయావా ఏంది ఈ ఇంట్లో?" అంది. నెల్లూరు ఆడపడుచు, పులుసు లేకపోతే ముద్ద దిగదు. మళ్ళీ అరవడం మొదలుపెట్టింది కూడా. నా వంకాయ కూరలో ఉప్పు గురించి నిన్న పది నిమిషాలు.

ఒక్కటే ఇబ్బంది. లివరు మూసినా జెట్ కొసనుంచి చుక్క చుక్క కారుతోంది. రాత్రి మగ్గు పెట్టి చూస్తే పొద్దునకు సగం నిండింది. వాషర్ మార్చాలా బాబాయి గారూ? ఆ కుర్రాడు చీమకుర్తిలో ఏదో పనికి వెళ్ళాడు, వారం దాకా రాడు.

---

వేదాయపాళెం బాబాయి:

పావు చుట్టు కాక్‌లో మామూలుగా వాషర్ ఉండదమ్మా, రెండు పింగాణీ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. కొత్తగా బిగించినప్పుడు పైపులోని ఇసుక రేణువు వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. యాంగిల్ కాక్ మొత్తం తెరిచి, జెట్ కొసకు మగ్గు అడ్డం పెట్టి, లివరు ఇరవైసార్లు టకటకా తెరిచి మూయి. చాలావరకు అదే కొట్టుకుపోతుంది. తర్వాత యాంగిల్ కాక్ మళ్ళీ సగానికి తేవడం మరిచిపోవద్దు, లేకపోతే రేపు పొద్దున "అమ్మో" కాదు, ఇంకేదో వినిపిస్తుంది.

ఆగకపోతే కాక్ ఫోటో పెట్టు. పులుసు ఏ చేపతో పెట్టావో చెప్పలేదు.

---

లాయర్‌పేట కోడలు:

ఆగింది. కొరమీను.